గుమ్మడి పాదు దగ్గరికి తేనెటీగలు మళ్ళీ వస్తాయా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపూర్. ఇంటి వెనక రెండు సెంట్ల బాడి, అంటే పెరటి తోట, ఉంది. వంగ, బెండ, బీర, గుమ్మడి వేసుకున్నాను. రెండు బొప్పాయి చెట్లు, ఒక మందారం కూడా ఉన్నాయి. ఈసారి వానలు పడ్డ దగ్గర నుంచి పురుగులతో విసిగిపోయాను. వంగ మొవ్వులు వాలిపోతున్నాయి. బీర, గుమ్మడి పిందెలు పచ్చబడి కుళ్ళి రాలుతున్నాయి. బెండకి పేనుబంక, మందారానికి తెల్ల పిండి. రాత్రయితే పెద్ద పెద్ద నత్తలు. షాపులో ఒక మందు ఇస్తే పొద్దున్న ఏడింటికి అన్నిటి మీదా కొట్టాను. మధ్యాహ్నానికి గుమ్మడి పాదు కింద పది పదిహేను తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. మా పాపకి ఎనిమిదేళ్ళు. వాటిని కాగితంలో చుట్టి పెట్టుకుని ఒకటే ఏడుపు. "అమ్మా, అవి మళ్ళీ వస్తాయా?" అని రోజూ అడుగుతోంది. ఇక ఆ డబ్బా ముట్టుకోను. కానీ పురుగుల్ని ఏం చెయ్యాలి? మా అత్తగారు బూడిద చల్లమంటారు, మావారు పొగాకు కషాయం అంటారు. దారి చెప్పండి.

జవాబు: అమ్మా, పురుగుల కన్నా ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. దాని మీద, మూల మీద నిలబెట్టిన చదరం లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపైతే అన్నిటికన్నా పెద్ద విషం, పసుపు దాని తర్వాతిది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ వీటిలో తక్కువ. తక్కువ అన్నంత మాత్రాన విషం కాకుండా పోదు. మన ఊళ్ళల్లో డబ్బాల మీద ఒడియానో, హిందీనో, ఇంగ్లీషో ఉంటుంది. తెలుగు ఒక్కటే చదవగలిగిన వాళ్ళకి ఆ రంగే ఆధారం. డబ్బాతో పాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఇస్తారు. కొట్టాక ఎన్ని రోజులు కాయలు కొయ్యకూడదో అందులో ఉంటుంది. ఆ కాగితం పారేసి ఉంటే డబ్బా పట్టుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి. రాయగడ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం మీ గుణుపూర్‌లోనే ఉంది కదా. వాళ్ళు చెప్పేదాకా ఆ వంకాయలు, బెండకాయలు పాపకి పెట్టకండి. మిగిలిన మందు కాలవలో పొయ్యకండి. పాప చేతికి అందని చోట తాళం వేసి పెట్టి, దాన్ని ఏం చెయ్యాలో కూడా వాళ్ళనే అడగండి.

ఇప్పుడు పిందెల గురించి. బీర, గుమ్మడి పిందెలు పచ్చబడి రాలడానికి రెండు కారణాలు ఉంటాయి. పైకి రెండూ ఒకేలా కనబడతాయి, చెయ్యవలసిన పని మాత్రం వేరువేరు. అందుకని రాలిన పిందెల్లో ఓ అయిదింటిని చాకుతో నిలువుగా కోసి చూడండి. లోపల తెల్లటి చిన్న పురుగులు మెలికలు తిరుగుతుంటే అది పండు ఈగ పని. లోపల పురుగు ఏమీ లేకుండా పిందె ఊరికే ముడుచుకుపోయి, కొస నుంచి మెత్తబడి ఉంటే దానికి పుప్పొడి అందలేదని అర్థం. ఆడపువ్వు పూసింది, మగపువ్వు పుప్పొడి తెచ్చి ఇచ్చేవాళ్ళు రాలేదు. మీరు మందు కొట్టిన తర్వాత రాలిన గుమ్మడి పిందెల్లో ఈ రెండో రకం ఎక్కువ ఉంటాయని నాకు అనిపిస్తోంది.

పూలు విచ్చే వేళ తెలిస్తే మీకు ఆ రోజు ఏం జరిగిందో అర్థమవుతుంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, పదకొండు గంటల్లోపే ముడుచుకుపోతుంది. తేనెటీగలు వచ్చేది ఆ నాలుగైదు గంటల్లోనే. మీరు ఏడింటికి కొట్టారు. దోస, కాకర కూడా పొద్దుటి పూలే. బీరపువ్వు అలా కాదు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి విచ్చుకుంటుంది. ఆనప (సొర) పువ్వూ అంతే, సాయంత్రం పూస్తుంది, రాత్రి రెక్కల పురుగులు దాని దగ్గరికి వస్తాయి. కాబట్టి ఎంత మెత్తని ద్రావణమైనా సరే, గుమ్మడికి పొద్దున్న కొట్టకూడదు, బీరకి సాయంత్రం కొట్టకూడదు. "సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి" అని అందరూ చెప్పే మాట బీర, ఆనప పాదులకి పనికిరాదు. వాటికి తెల్లవారాక, రాత్రి పూలు వాడిపోయాక, ఎండ ముదరకముందు కొట్టుకోవాలి.

తేనెటీగలు మళ్ళీ అలవాటుపడే దాకా మీరూ పాపా ఆ పని చేతితో చెయ్యండి. పొద్దున్న ఆరింటికి విచ్చిన మగపువ్వు ఒకటి కోసి, రెక్కలు తుంచి, మధ్యనున్న పసుపు కాడని ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా తాకించాలి. ఆడపువ్వుకి కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకి సన్నటి కాడే ఉంటుంది. బీరకి ఇదే పని సాయంత్రం ఆరు దాటాక.

ఇక కోసిన పిందెలో పురుగులు కనబడితే, పండు ఈగ. ఆడ ఈగ లేత పిందెని సూదిలాంటి అవయవంతో పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పొడిచిన చోట జిగురు బొట్టు కనిపిస్తుంది, పిందె అటువైపు వంకర తిరుగుతుంది. గుడ్డు కాయ లోపల ఉంది కనుక పైన ఏ మందు కొట్టినా దాని దగ్గరికి పోదు. లోపల తిని బలిసిన పురుగు నేలలోకి దిగి గూడు కట్టి మళ్ళీ ఈగై లేస్తుంది. దీన్ని అక్కడే పట్టుకోవాలి. రాలిన పిందెల్ని పాదు మొదట్లో వదిలెయ్యకండి, ఎరువుగుంతలోనూ వెయ్యకండి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి నాలుగు రోజులు ఎండలో పడెయ్యండి, లోపలి పురుగులు ఉడికిపోతాయి. పాదు కింద మట్టిని వారానికోసారి పైపైన గీరి వదలండి. గోరింకలు వచ్చి ఏరుకు తింటాయి. కోళ్ళుంటే మరీ మంచిది. పువ్వు వాడి పిందె నిలబడిందని తెలిసిన రెండో రోజునే పాత చీర ముక్కతో కుట్టిన సన్నటి సంచి తొడిగేయండి. పది బీరకాయలకి పది సంచులు. మా ఇంట్లో కాయకూర ఆ సంచుల్లోనే పెరుగుతుంది.

పండు ఈగలకి ఎరబుట్టలు అమ్ముతారు. అవి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మామిడి, జామ ఈగలకి వాడే ఎర మిథైల్ యూజినాల్. బీర, కాకర, గుమ్మడి మీద వాలే ఈగకి వాడేది క్యూ ల్యూర్. రెండూ చూడడానికి ఒకేలాంటి చెక్కబిళ్ళలు. ఒకసారి నాకు ఒక దుకాణంలో మామిడి ఎర ఇచ్చారు. దాన్ని బీర పందిరికి కట్టి నెలంతా ఎదురుచూశాను, కాయలు కుళ్ళుతూనే ఉన్నాయి. "కాయకూర పాదులకి, క్యూ ల్యూర్" అని పేరు పెట్టి అడగండి. దానికి మగ ఈగలే వస్తాయి. అందుకని ఎర కట్టాం కదా అని సంచులు మానకండి.

వంగ మొవ్వు వాలిపోవడం మొవ్వు, కాయ తొలిచే పురుగు వల్ల. దేశమంతా బీటీ వంకాయ (ఈ పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన వంగ) మీద వాదించుకున్నది, 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపింది, అంతా ఈ ఒక్క గులాబి రంగు పురుగు పేరు మీదే. రెండు సెంట్ల బాడిలో దీనికి కావలసింది కత్తెర. వాలిన మొవ్వులో పురుగు ఇంకా లోపలే ఉంటుంది. వాలిన చోటికి ఒక అంగుళం కిందికి కత్తిరించి, ముక్కల్ని సబ్బునీళ్ళ బకెట్లో వెయ్యండి. మొక్క మొదట్లో పారేస్తే పురుగు పాక్కుంటూ మళ్ళీ ఎక్కుతుంది. వారంలో ఒక రోజు పెట్టుకుని, ఆ రోజు తప్పకుండా చెయ్యాలి. కన్నం పడ్డ కాయల్నీ అలాగే తీసెయ్యాలి. నాలుగు వారాలు విడవకుండా చేస్తే తేడా మీకే తెలుస్తుంది. ఒక వారం మానితే మళ్ళీ మొదటికొస్తుంది. ఎవరింటికో పెళ్ళికి వెళ్ళి పదిరోజులు మానేసి, వచ్చి చూసి కుంగిపోయిన అనుభవం నాకుంది.

ఇప్పుడు బెండకున్న పేనుబంక. అమ్మా, మీ ఉత్తరం మొత్తానికి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

పేనుబంక ముందు వస్తుంది. దాన్ని తినేవి తర్వాత వస్తాయి. తిండి కనబడితే కదా తినేవాళ్ళు వచ్చేది! ఈ రెండింటి మధ్య వారం, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఆకు వెనక నల్లగా పేను పేరుకుని, మొక్క చచ్చిపోతుందేమో అన్నట్టు కనబడుతుంది. మనకి టెన్షన్ పుట్టేదీ అప్పుడే, డబ్బా తీసేదీ అప్పుడే. సరిగ్గా అదే సమయానికి పేనుని తినే అక్షింతల పురుగు (ఇంగ్లీషులో లేడీబర్డ్) వచ్చి గుడ్లు పెట్టి ఉంటుంది. పేనుతో పాటు ఆ గుడ్లూ పోతాయి. పేను మళ్ళీ వారంలో పుట్టుకొస్తుంది, ఎందుకంటే దానికి మగతోడు లేకుండానే పిల్లల్ని పెట్టే గుణం ఉంది. అక్షింతల పురుగు అంత తొందరగా రాలేదు. అలా ప్రతిసారీ మందు కొట్టేకొద్దీ మందు అవసరం పెరుగుతుంది. బాడిలో పురుగు ఎక్కువైందని నాకు ఉత్తరాలు రాసే వాళ్ళలో చాలామంది తోటలు ఈ ఖాళీ దగ్గరే పాడయ్యాయి.

మరి ఆ రెండు వారాలూ చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డుపెట్టి ఆకు వెనక గట్టిగా కొట్టండి. కింద పడ్డ పేనులో చాలా మటుకు మళ్ళీ ఎక్కలేవు. మరీ నిండిపోయిన కొసని తుంచెయ్యండి. తర్వాత మొదట్లో చీమలు చూడండి. పేను విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు పిల్లల్ని తరిమేస్తాయి. చీమల దారి తెగ్గొడితే సగం పని అయినట్టే. కాండానికి ఒక గుడ్డపేలిక చుట్టి దాని మీద ఆముదమో గ్రీజో పట్టించండి. పక్కనున్న గోడకో కర్రకో ఆకులు తగలకుండా చూసుకోండి, లేకపోతే అటునుంచి ఎక్కుతాయి.

అయితే మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్ని మాత్రం పొగ పెట్టి చంపకండి. అవి గొంగళి పురుగుల్ని, పెంకు పురుగుల్ని వేటాడతాయి. ఒడియాలో కాయి అంటారు కదా. మయూర్‌భంజ్ వైపు వాటితో చేసే కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెల్ల పిండిలా పట్టే పిండినల్లికి అవి కూడా కొంత కాపలా కాస్తాయన్నది నిజమే. పెద్ద చెట్టు మీద ఉంటే లాభమే ఎక్కువ, కూరమొక్క మీదికి దిగితే దులిపెయ్యండి.

అక్షింతల పురుగు అన్నాను కానీ ఆ పేరుతో ఒక చిక్కుంది. వంగ ఆకుని జల్లెడలా తినేసే పురుగునీ మన వాళ్ళు అక్షింతల పురుగనే అంటారు. ఒకటి మిత్రుడు, ఒకటి శత్రువు, పేరు ఒక్కటే. తేడా చెబుతాను. మిత్రుడి వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, అది పేను మధ్యలో తిరుగుతుంది. వంగని తినేదాని వీపు మసకగా, సన్నని నూగుతో ఉంటుంది. దాని మీద చుక్కలు పన్నెండో, ఇరవై ఎనిమిదో ఉంటాయి. అది కూర్చున్న ఆకులో పచ్చదనం గీకేసి ఈనెల వల మిగులుతుంది. పిల్లల్లో తేడా ఇంకా తేలిక. మిత్రుడి పిల్ల నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. శత్రువు పిల్ల పసుపుపచ్చగా, ఒళ్ళంతా కొమ్మల్లాంటి ముళ్ళతో ఉంటుంది. పచ్చపిల్లల్ని, ఆకు తినేవాటిని ఏరి సబ్బునీళ్ళలో వెయ్యండి. రెండింటి గుడ్లూ పసుపురంగులో నిలువుగా గుంపుగా ఉంటాయి. అందుకని వంగ ఆకు కింద పేను లేని చోట ఉన్న గుడ్లనే నలపండి, పేను మధ్యలో ఉన్నవాటిని వదిలెయ్యండి.

మందారం మీది తెల్ల పిండి పిండినల్లి. దీని విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. పర్లాకిమిడిలో మా ఇంటి మందారానికి పిండినల్లి పట్టినప్పుడు, చిన్నవాటి మధ్య పెద్ద పెద్ద తెల్ల పురుగులు, పొడుగు దారాలు వేలాడుతూ తిరుగుతున్నాయి. ఇవే తల్లి పురుగులు కాబోలనుకుని ఒక్కొక్కటీ ఏరి నలిపేశాను. వారమంతా అదే పని. తర్వాత తెలిసింది, అవి పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్లలని. ఈ జాతిని 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. చూడడానికి పిండినల్లి వేషమే వేసుకుని ఉంటుంది. ఆ ఏడాది మా మందారం కోలుకోలేదు. వాటిని నా చేతులతోనే చంపానన్న బాధ ఇప్పటికీ ఉంది. మీరు వేలితో తాకి చూడండి. పిండినల్లి కదలీ కదలనట్టు ఉంటుంది, మిత్రుడు చురుగ్గా పరుగెత్తుతాడు. పరుగెత్తేవాటిని వదిలేసి, బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగతా చోట్ల సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవండి.

మీకు బొప్పాయి చెట్లున్నాయి కనుక ఇంకొక సంగతి కూడా. బొప్పాయి పిండినల్లి మన దేశంలో మొదట 2008లో కోయంబత్తూరు దగ్గర కనబడింది. చూస్తుండగానే బొప్పాయి, మల్బరీ, టపియోకా తోటల్ని ముంచేసింది. రైతులు కొట్టని మందు లేదు. చివరికి 2010లో ప్యూర్టోరికో నుంచి చీమకన్నా చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలితే, కొద్ది నెలల్లోనే తెగులు అదుపులోకి వచ్చింది. ఆ కందిరీగలు పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడతాయి. అవి వాలిన చోట పిండినల్లి ఎండి, గట్టిపడి, చిన్న కన్నంతో ఖాళీ డొల్లగా కనిపిస్తుంది. అలాంటి డొల్లలు మీ చెట్టు మీద కనబడితే అక్కడ పని జరుగుతున్నట్టే. ఏమీ కొట్టకండి.

నత్తల సంగతి వేరు. వీటి మీద జాలి చూపించమని నేను చెప్పను. ఇవి మన నేలవి కావు, ఆఫ్రికా నత్తలు. 1847లో ఒక ఇంగ్లీషు దొర కలకత్తా తోటలో వదిలిన వాటి సంతతి ఇన్ని చోట్లకి పాకింది. జూన్ మధ్యలో వచ్చే రజ పండగ మూడు రోజులూ మన ఒడియా ఇరుగుపొరుగు నేల తవ్వరు, భూమికి విశ్రాంతి అంటారు. ఆ తర్వాత గట్టి వాన ఒకటి పడగానే ఇవి లేస్తాయి. ప్రతి నత్తలోనూ ఆడా మగా రెండూ ఉంటాయి కాబట్టి ప్రతిదీ గుడ్లు పెడుతుంది, ఒక్క విడతలోనే వందకి పైగా. సగ్గుబియ్యం కన్నా కాస్త పెద్దగా, లేత పసుపు ముత్యాల్లా, కుండీల కింద, ఇటుకల కింద తడిమట్టిలో ఉంటాయి. వాటిని వెతికి నలిపితే ఒక్క రోజులో వంద నత్తల్ని ఆపినట్టు.

పట్టే విధానం ఇది. సాయంత్రం ఒక గోనెసంచిని తడిపి, కింద నాలుగు బొప్పాయి ఆకులు పరిచి, బాడిలో రెండు మూడు చోట్ల వెయ్యండి. తెల్లవారేసరికి సంచి కింద చేరి ఉంటాయి. రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య వాన వెలిసినప్పుడు టార్చి పట్టుకుని కూడా ఏరవచ్చు. కానీ కాలికి బూటు, చేతికి కర్ర లేకుండా వెళ్ళకండి. వానాకాలం రాత్రి, మన వైపు కట్లపాములు తిరిగే వేళ అది. నత్తల్ని వట్టి చేత్తో అసలు ముట్టుకోకండి, పాపని ముట్టుకోనివ్వకండి. ఎలుకల నుంచి వచ్చే ఒక పరాన్నజీవి వీటిలో ఉండవచ్చు, అది మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. నత్త పాకిన ఆకుకూరని బాగా కడిగి, ఉడికించే తినండి. పొలాల్లో దొరికే గెండా, అంటే చిన్న నత్తలు, తినే అలవాటు మన చుట్టుపక్కల ఉంది, కానీ ఈ పెద్ద నత్తని ఆ లెక్కలో వెయ్యకండి. పట్టినవాటిని గట్టి ఉప్పునీళ్ళ బకెట్లో వేసి, చచ్చాక దూరంగా గుంత తీసి పూడ్చండి. ఉప్పు నేరుగా మట్టి మీద చల్లితే నత్త చస్తుంది, నేల కూడా చెడుతుంది. ప్రహరీ అవతలికి విసిరితే పక్కవాళ్ళకి ఇచ్చినట్టే, నాలుగు రోజుల్లో తిరిగొస్తాయి. నత్తమందు బిళ్ళలు అమ్ముతారు, వాటిలో కొన్ని కుక్కలకి, పక్షులకి ప్రాణాంతకం. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, అవి వద్దు.

ఈ నత్తల్ని తినే పక్షి ఒకటి మన దగ్గరే ఉంది, జెముడు కాకి. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్ర కళ్ళు. పొదల్లో నేల మీద నడుస్తూ "గుబ్ గుబ్" అని లోతుగా అరుస్తుంది. దానికి ఒత్తయిన పొద కావాలి. మీ బాడి చివర కంచె మీద తీగలు ఉంటే అన్నీ నరికి శుభ్రం చెయ్యకండి, ఒక మూల అలా ఉండనివ్వండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా వీధి చెట్లు చాలా కూలిపోయాయి. ఆ తర్వాత రెండేళ్ళు మా బాడిలో గొంగళి పురుగులు మునుపెన్నడూ లేనంతగా కనబడ్డాయి. పక్షులకి వాలే చోటు లేకపోవడమే కారణమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పుడు వెదురు కర్రలకి అడ్డంగా చిన్న కర్ర కట్టి నాలుగు చోట్ల పాతాను. నల్లగా, తోక చీలి ఉండే ఏట్రింత వారం తిరగకుండా వచ్చి వాలింది. మీరు కూడా పాతండి, మొక్కల కన్నా రెండడుగులు ఎత్తుగా. ఒక మట్టిమూకుడులో నీళ్ళు పెట్టి రెండు రోజులకోసారి మార్చండి, లేకపోతే దోమలు పుడతాయి. గోదురు కప్ప, తొండ, బల్లి, ఇవన్నీ రాత్రీ పగలూ పురుగుల్ని ఏరేవే. రాళ్ళకుప్ప, ఆకులకుప్ప వాటికి ఆశ్రయం. అయితే ఆ కుప్ప ఇంటి గోడకి దూరంగా ఉండాలి. జెర్రిపోతు కనబడితే కొట్టించకండి, అది విషం లేనిది, ఎలుకలు దాని తిండి. దాన్ని చంపడం చట్టరీత్యా కూడా నేరం.

ఇక బూడిద, పొగాకు. మీ అత్తగారు చెప్పింది సరైన మాట. గుమ్మడి, దోస లేత ఆకుల్ని కన్నాలు చేసే ఎర్ర పెంకు పురుగుకి, పొద్దున్న మంచు తడి మీద జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లితే అది ఆ ఆకు ముట్టదు. పువ్వులో పడకుండా చూసుకోండి. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్ళీ చల్లాలి. మన ఎర్రనేలల్లో చాలాచోట్ల పులుపు గుణం ఎక్కువ, కాబట్టి గుప్పెడు బూడిద నేలకి కూడా మంచిదే. ప్లాస్టిక్ కాల్చిన బూడిద మాత్రం వద్దు.

పొగాకు కషాయం వద్దు. మీవారికి కోపం రాకుండా ఇలా చెప్పండి: పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, తేనెటీగని, అక్షింతల పురుగుని, కందిరీగని తేడా చూడకుండా చంపుతుంది. ఇంట్లో కాచినంత మాత్రాన అది మెత్తనిది అయిపోదు.

ఇన్ని చేసినా ఒక మొక్క తట్టుకోలేకపోతుంటే, అప్పుడు వేపగింజ. జూన్, జూలైలో రాలిన వేపపళ్ళు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోండి. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు లెక్క. అయిదు లీటర్లకి 250 గ్రాముల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పాలలా వచ్చేదాకా పిసికి, వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలపండి. ఎండకి దాని బలం పోతుంది, ఏ రోజుది ఆ రోజే వాడాలి. గింజలు లేకపోతే దుకాణంలో నింబ తేల, అంటే వేపనూనె, అడగండి. అది లీటరుకి 5 మిల్లీలీటర్లు, సబ్బు కలిపి. ముందు ఒక ఆకు మీద కొట్టి ఒక రోజు చూడండి, మాడకపోతేనే మిగతా మొక్కకి. పురుగు పట్టిన మొక్కకి మాత్రమే, ఆకు వెనక మాత్రమే. కొట్టిన మర్నాడు పురుగు బతికే కనబడుతుంది, కంగారుపడి మళ్ళీ కొట్టకండి. వేప వెంటనే చంపదు, తిండి మానిపిస్తుంది, కుబుసం విడవనివ్వదు. నాలుగైదు రోజులు పడుతుంది. చెరువుకి, చేపల తొట్టికి దూరంగా కొట్టండి.

వచ్చే సంతలో రెండు రకాల విత్తనాలు కొనండి, బొబ్బర్లు, ధనియాలు. బెండ వరసల పక్కన ఒక వరస బొబ్బర్లు వెయ్యండి. పేనుబంకకి బొబ్బర తీగ అంటే బాగా ఇష్టం, ముందు దానికే పడుతుంది. దాని వెంట అక్షింతల పురుగులు అక్కడ ముందే చేరి, బెండకి పట్టే నాటికి సిద్ధంగా ఉంటాయి. నేను చెప్పిన ఆ రెండు వారాల ఖాళీని తగ్గించడానికి నాకు తెలిసిన మంచి ఉపాయం ఇదే. కొత్తిమీరని అంతా కోసెయ్యకుండా నాలుగు మొక్కలు పూతకి వదలండి. చిన్న కందిరీగలకి, తేనెటీగల్లా కనబడే పూల ఈగలకి ఆ చిన్న పూలలోనే తేనె అందుతుంది. పూల ఈగ పిల్లలు కూడా పేనునే తింటాయి.

పాపకి ఏం చెప్పాలో అడిగారు. చచ్చినవి పూల దగ్గరికి వచ్చిన కూలి ఈగలని, వాటి పట్టు ఎక్కడో ఏ చెట్టుకో ఇంకా ఉండి ఉంటుందని చెప్పండి. అక్కడ వేలకొద్దీ ఉంటాయి, ఆకుల మీద మందు పోయి, కొత్త పూలు విచ్చితే వాటిలో కొన్ని మీ బాడికి దారి కనుక్కుంటాయి. ఒక చిన్న నోటుబుక్కు కొనివ్వండి. రోజూ పొద్దున్న ఆరున్నరకి గుమ్మడి పువ్వు పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చుని, వచ్చిన ఈగల్ని లెక్కపెట్టి తేదీ వేసి రాయమనండి. మొదట కొన్ని రోజులు సున్నాలే రావచ్చు. సున్నా వచ్చినా రాయాలని చెప్పండి. నెల తర్వాత ఆ లెక్క నాకు పంపమనండి, నేను ఎదురుచూస్తుంటాను.